కూలరా, ఏసీనా, సున్నమా, సోలారా? సీమలో చిన్న ఇళ్లకు ఎండాకాలం కరెంటు లెక్క

మార్చి వచ్చిందంటే మా సంఘం మీటింగులో అప్పుల మాట కంటే ముందు కరెంటు బిల్లు మాట వస్తుంది. అనంతపురంలో మా డ్వాక్రా సంఘానికి పుస్తకాలు రాసేది నేనే. పొదుపు కట్టడానికి వచ్చినవాళ్లు డబ్బుతో పాటు మడత పెట్టిన బిల్లు కూడా తీసి నా ముందు పెడతారు. "ఏమక్కా, మావాడు ఏసీ తీసుకుందామంటాడు. కూలరు చాలదా? లేకుంటే ఆ సోలారేదో పెట్టించుకుంటే మేలా?" అని అడుగుతారు.

ఒక్కో ఇంటికి ఒక్కో జవాబు చెప్పాల్సి వస్తుంది. కర్నూలు రేకుల ఇంటికి పనికొచ్చేది కడప స్లాబు ఇంటికి దండగ కావచ్చు. నెలకు 90 యూనిట్లు కాల్చే ఇంటికి, 260 కాల్చే ఇంటికి ఒకే సలహా ఇస్తే ఇద్దరిలో ఒకరికి అన్యాయం చేసినట్టే. అందుకే ఏ వస్తువు మంచిదని అడిగే ముందు మీ ఇంటి సంగతులు ఆరు చూసుకోండి.

## కొనే ముందు చూసుకోవాల్సినవి

ఆఖరి యూనిట్ ధర. అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కువమంది చూడనిది ఇదే. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల కరెంటుకు 2022-23 నుంచి ఉన్న ధరలు ఇవి:

| నెలకు యూనిట్లు | యూనిట్ ధర | ఈ మెట్టు చివరికి మొత్తం |
|---|---|---|
| 1–30 | రూ. 1.90 | రూ. 57 |
| 31–75 | రూ. 3.00 | రూ. 192 |
| 76–125 | రూ. 4.50 | రూ. 417 |
| 126–225 | రూ. 6.00 | రూ. 1,017 |
| 226–400 | రూ. 8.75 | రూ. 2,548 |
| 400 పైన | రూ. 9.75 | – |

దీనిపైన కిలోవాట్‌కు రూ. 10 ఫిక్సెడ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల సుంకం, యూనిట్ల లెక్కన వేసే ఇంధన సర్దుబాటు కలుస్తాయి. కింద చెప్పే లెక్కలన్నీ పై పట్టికలోని ధరలతోనే వేశాను. అసలు బిల్లు ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది.

ఇది మెట్ల లెక్క. 160 యూనిట్లు కాలిస్తే మొదటి 30కి రూపాయి తొంభై పైసలే పడుతుంది, చివరి 35కి మాత్రం ఆరు రూపాయలు. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే నాలుగు రూపాయల దగ్గర తేలుతుంది. ఆ నాలుగును నమ్ముకుని కూలరో ఏసీనో కొన్నవాళ్లు తరువాతి నెల బిల్లు చూసి మీటరు తప్పు తిరుగుతోందంటారు. మీటరు సరిగానే తిరిగింది. కొత్త వస్తువు తాగే ప్రతి యూనిట్ పై మెట్టు మీదే పడుతుంది. అట్లాగే పొదుపు చేసిన ప్రతి యూనిట్ కూడా పై మెట్టు నుంచే తగ్గుతుంది. కాబట్టి పోయిన మే నెల బిల్లు వెతికి, యూనిట్లు చూసి, మీ చివరి యూనిట్ ఏ మెట్టు మీద ఉందో పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. ఈ వ్యాసమంతా ఆ అంకెతోనే చదువుకోవాలి.

అద్దె ఇంట్లో ఉండి ఓనరుకు సబ్‌మీటరు లెక్కన యూనిట్‌కు 8 రూపాయలు కడుతుంటే మీ మొదటి యూనిట్, ఆఖరి యూనిట్ రెండూ 8 రూపాయలే.

నెత్తిన ఏముంది. రేకులా, స్లాబా, మట్టి మిద్దెనా, కొట్టమా? ఇంట్లోకి వచ్చే వేడిలో పెద్ద భాగం పైనుంచే దిగుతుంది.

సర్వీసు ఎవరి పేరున ఉంది. రాయితీ అయినా సోలార్ అయినా సర్వీసు నంబరునే చూస్తుంది. చనిపోయిన జేజినాయన పేరు మీదే ఇంకా బిల్లు వస్తున్న ఇళ్లు మా వీధిలోనే నాలుగున్నాయి.

నీళ్లు. కూలరు కొనాలంటే ధర కంటే ముందు బిందెలు లెక్కపెట్టాలి.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు. అందరూ పనికి పోయి రాత్రికి వచ్చే ఇల్లు వేరు, పసిబిడ్డో మంచం పట్టిన అవ్వో ఉన్న ఇల్లు వేరు.

చేతిలో ఒకేసారి ఎంత డబ్బుంది. వెయ్యా, ఐదువేలా, యాభై వేలా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది.

## రాయితీ: కొనేముందు అడగాల్సినది

ఎస్సీ, ఎస్టీ పేద కుటుంబాలకు ఇంటి వాడకానికి నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఉంది. ఇంతకు ముందు 100గా ఉన్న పరిమితిని 2019లో 200 చేశారు. అర్హత ఉండి కూడా బిల్లు కడుతున్న ఇళ్లు నేను చూశాను. సర్వీసు వేరే వాళ్ల పేరున ఉండడమో, కుల ధ్రువీకరణ సర్వీసుకు కలపకపోవడమో కారణం. ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, పాత బిల్లు పట్టుకుని సచివాలయానికి పోండి. అక్కడి ఎనర్జీ అసిస్టెంటును అడగండి, పని కాకపోతే కరెంటు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఆఫీసుకు వెళ్లండి. ఫోనులో అడగాలంటే 1912.

ఈ రాయితీ ఉన్న ఇంట్లో మిగతా లెక్కంతా 200 గీత చుట్టూ తిరుగుతుంది. కూలరు పెట్టుకున్నా 200 లోపలే ఉండే ఇంటికి కూలరు మేలు. ఏసీ పెట్టి గీత దాటించే ఇంటికి అది నష్టం.

చేనేత మగ్గాలకు 200 యూనిట్లు, మరమగ్గాలకు 500 యూనిట్లు ఉచితమని రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. ధర్మవరం, ఎమ్మిగనూరు, జమ్మలమడుగు వైపు మగ్గం ఇళ్లవాళ్లు ఈ సంగతి తప్పకుండా కనుక్కోవాలి. మగ్గం గుంట పక్కనే మంచం, పొయ్యి అన్నీ ఉండే ఇంట్లో ఇది మగ్గానికే కాదు, వేసవికీ ఆసరా.

రాయితీ లేని ఇళ్లు చేయగలిగింది ఇంకొకటుంది. అన్నదమ్ములు వేరుపడి రెండు పొయ్యిలు పెట్టుకున్నా మీటరు మాత్రం ఒకటే ఉంచుకుంటారు. ఒక్కో ఇల్లు 110 యూనిట్లు కాలుస్తుందనుకోండి. ఒకే మీటరులో 220 అయి రూ. 987 పడుతుంది. రెండు మీటర్లయితే ఒక్కోదానికి రూ. 349.50, రెండూ కలిపి రూ. 699. నెలకు రూ. 288 తేడా. రెండో సర్వీసుకు నెలనెలా కస్టమర్ ఛార్జీ, ఫిక్సెడ్ ఛార్జీ పోయినా ఇంకా మిగులే. నిజంగా వేరు కాపురాలైతే వేరు సర్వీసుకు దరఖాస్తు పెట్టుకోవడం మీ హక్కు.

## మిద్దె మీద సున్నం

సంక్రాంతికో ఉగాదికో గోడలకు సున్నం కొడతాం. వాకిలి గోడ తెల్లగా మెరుస్తుంది. ఎండంతా పడేది మిద్దె మీద, అక్కడికి మాత్రం ఎవరూ ఎక్కరు. అందరికంటే ఎక్కువ సున్నం అవసరమైన చోటు అదే.

తెల్లటి పైకప్పు ఎండను తిప్పి కొడుతుంది. నల్లబడిన స్లాబో, తుప్పు పట్టిన రేకో ఆ ఎండనంతా తాగి లోపలికి దింపుతుంది. తెలుపు వేసిన ఇంట్లో లోపలి వేడి రెండు నుంచి ఐదు డిగ్రీలు తగ్గుతుంది. రేకుల ఇంట్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. స్లాబు ఇంట్లో పగలు కంటే రాత్రి ఎక్కువ తెలుస్తుంది. స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి పన్నెండు దాకా మన మీద కక్కుతుంది కదా, అది తగ్గుతుంది. స్లాబు మీద నల్ల కడప బండలు పరిచిన ఇళ్లున్నాయి. వాటికి తెలుపు మరీ అవసరం.

మేము చేసిన పద్ధతి ఇది. మిద్దె బాగా ఊడ్చి, కడిగి ఆరనిచ్చాం. సున్నం ముందురోజే నానబెట్టి వడగట్టాం. పట్టు ఉండడానికి ఫెవికాల్ కలిపాం. సాయంత్రం పూట ఒక కోటు, మర్నాడు అడ్డంగా ఇంకో కోటు వేశాం. కాలనీ ఇల్లు, అంటే 340 చదరపు అడుగులకు, మనమే వేసుకుంటే వెయ్యి, పదిహేను వందల్లో పని అయిపోతుంది. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ప్రతి ఏడూ ఫిబ్రవరిలో మళ్లీ వేయాలి. కూల్ రూఫ్ పెయింట్ అని దుకాణాల్లో దొరికేదైతే నాలుగైదు వేలవుతుంది, మూడు నాలుగేళ్లు ఉంటుంది. సొంత ఇల్లయి, స్లాబు కారుతూ కూడా ఉంటే పెయింటు మేలు. అద్దె ఇల్లయితే సున్నం చాలు. ఓనరును ఒప్పించడం కూడా కష్టం కాదు, మిద్దె బాగుపడేది ఆయనకే.

రేకుల ఇళ్లవాళ్లకు ఒక హెచ్చరిక. సిమెంటు రేకుల మీద కాలు పెట్టవద్దు. పాత రేకు ఎక్కడ విరుగుతుందో తెలియదు, పడి నడుము విరిగినవాళ్లున్నారు. నిచ్చెన మీద నిలబడి, పొడవు కర్రకు బ్రష్ కట్టి వేయండి. లేకుంటే దూలాల మీద పలకలు వేయించుకుని, పని తెలిసినవాళ్లతోనే చేయించండి. సిమెంటు రేకును పొడిగా గీకవద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడు చేస్తుంది. తడిపి కడగాలి.

సున్నానికి డబ్బు లేకపోయినా రేకుల మీదికి సొర పాదో, బీర పాదో పాకించవచ్చు. జనవరిలో పెట్టిన సొర పాదు ఏప్రిల్‌కు రేకుల మీద కమ్ముకుంటుంది. నీళ్లు పోయడానికి గిన్నెలు కడిగిన నీళ్లు చాలు. చల్లదనం కోసమని రేకుల కింద థర్మోకోల్, ఎండు బోద, అట్టలు కడుతుంటారు. పొయ్యి ఉన్న గదిలో ఆ పని చేయవద్దు, నిప్పు రవ్వ చాలు.

మట్టి మిద్దె ఇల్లు ఉన్నవాళ్లకు నేను చెప్పేది వేరు. చౌడు మన్ను పరిచిన మిద్దె, మూరెడు మందం గోడ, పైన గవాచి (గాలి, వెలుతురు కోసం మిద్దెలో ఉంచే కంత) ఉన్న గది మే నెలలో ఊరంతా వెతికినా దొరకని చల్లటి చోటు. వానకు కారుతోందని దాన్ని పడగొట్టి రేకులు వేసుకున్నవాళ్లు మొదటి ఎండాకాలంలోనే బాధపడతారు. ఒక్క గదినైనా ఉంచుకోండి. వానలకు ముందు మళ్లీ చౌడు పోయించండి. అవ్వను, పసిబిడ్డను మధ్యాహ్నాలు ఆ గదిలో పడుకోబెట్టండి. ఆ గది ఉన్న ఇంటికి ఏసీ అక్కరలేదు.

## ఫ్యాను మార్చడం

పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తాగుతుంది. బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటరు ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది, గాలి అంతే ఇస్తుంది. ఎండాకాలం రోజుకు 16 గంటలు తిరిగితే పాతది నెలకు 36 యూనిట్లు, కొత్తది 14 యూనిట్లు. ఒక్క ఫ్యానుకు 21 యూనిట్ల పైనే మిగులు.

ఇప్పుడు మీ పెన్సిల్ అంకె చూడండి. చివరి యూనిట్ 3 రూపాయల మెట్టు మీద ఉన్న ఇంటికి ఆ మిగులు నెలకు 65 రూపాయలు. 6 రూపాయల మెట్టు మీద ఉంటే 130. సబ్‌మీటరుకు 8 కట్టే అద్దె ఇంటికి 170 పైమాటే. బీఎల్‌డీసీ ధర రెండున్నర, మూడు వేలుంటుంది. రెండు ఫ్యాన్లు మార్చిన 160 యూనిట్ల ఇల్లు 117కు దిగుతుంది, బిల్లు రూ. 627 నుంచి రూ. 381 అవుతుంది.

అద్దె ఇళ్లవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఇల్లు మారినప్పుడు విప్పుకుని పట్టుకుపోవచ్చు. చిన్న ఇన్వర్టరు ఉన్నవాళ్లకు కరెంటు పోయినప్పుడు బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. 75 యూనిట్ల లోపు కాల్చే ఇల్లయితే తొందరపడవద్దు. పాత ఫ్యాను చెడిపోయే దాకా వాడుకుని, కొత్తది కొనే రోజున బీఎల్‌డీసీ తీసుకుంటే చాలు. 2023 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి, ఐదు నక్షత్రాలున్నది అడగండి.

ఫ్యానుతో ఒక ప్రమాదం ఉంది. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఒట్టి ఫ్యాను గాలి ఒంటిని చల్లబరచదు, వేడి గాలినే ఒంటి మీదికి తోస్తుంది. మే నెల మధ్యాహ్నం రేకుల ఇల్లు ఆ వేడికి సులభంగా చేరుతుంది. వయసు మళ్లినవాళ్లను అట్లాంటి గదిలో ఫ్యాను కింద వదిలేసి పనికి పోవద్దు. ఒంటికి తడి గుడ్డ చుట్టాలి, లేదా ఆ మూడు గంటలూ చెట్టు కిందికో, పక్కింటి మిద్దె గదిలోకో మార్చాలి. మాట తడబడుతున్నా, ఒళ్లు కాలిపోతూ మనిషి మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చే దాకా ఒంటి మీద నీళ్లు చల్లుతూనే ఉండాలి.

## కూలరు: సీమ ఎండకు సరిపోయేది, నీళ్లుంటే

కూలరు నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది. నెల్లూరులోనో విజయవాడలోనో ఉన్న చుట్టాలు "కూలరు దండగ, ఒంటికి జిగట తప్ప ఏమీ లేదు" అంటే అది వాళ్ల ఊరికి నిజం. మన దగ్గర ఏప్రిల్, మే గాలి పెదవులు పగిలేంత పొడి. 42 డిగ్రీల గాలి మంచి ప్యాడ్ల గుండా వస్తే 28, 30 డిగ్రీలకు దిగుతుంది. జూన్‌లో తొలకరి పడ్డాక ఈ బలం తగ్గిపోతుంది. అప్పుడు నీటి మోటరు ఆపేసి ఒట్టి గాలి పెట్టుకోవడమే.

కరెంటు 120 నుంచి 200 వాట్లు. 150 వాట్ల కూలరు రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు 45 యూనిట్లు. 160 యూనిట్ల ఇంటికి ఇది కలిపితే పెరిగేది 270 రూపాయలు. అదే ఇంట్లో ముందు రెండు ఫ్యాన్లు మార్చి ఉంటే, కూలరు తిరిగాక కూడా 162 యూనిట్లే. అంటే పాత బిల్లుకే చల్లదనం వచ్చినట్టు. మా సంఘంలో ముగ్గురు ఈ వరుసలోనే చేసుకున్నారు.

నీళ్ల లెక్క వేరు. గంటకు నాలుగు నుంచి ఎనిమిది లీటర్లు ఆవిరవుతాయి. పది గంటలకు తక్కువలో తక్కువ మూడు బిందెలు. కుళాయి రోజు మార్చి రోజు వచ్చే వీధిలో, ట్యాంకరు కోసం కాపు కాసే ఊళ్లో మూడు బిందెలంటే ఒక ఆడమనిషి నడుము నొప్పి. ఆ నీళ్లు ఎవరు మోస్తారన్నది ఇంట్లో ముందు తేల్చుకుని, తరువాత కూలరు కొనండి. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న చోట ప్యాడ్ల మీద తెల్లగా పొక్కు కడుతుంది. గడ్డి ప్యాడ్లయితే ప్రతి ఏడూ మార్చుకోవాలి, వందల్లో పోతుంది. తేనెపట్టు ప్యాడ్లు ఎక్కువ కాలం ఉంటాయి, మార్చేటప్పుడు ఖర్చెక్కువ. వారానికోసారి తొట్టి ఖాళీ చేసి తుడవకపోతే దోమలు గుడ్లు పెడతాయి, డెంగీ అక్కడి నుంచే వస్తుంది.

నేను చేసిన తప్పు చెబుతాను. మొదటిసారి కూలరు తెచ్చినప్పుడు దుకాణంలో "తలుపులన్నీ మూసి వాడుకోండి, బాగా చల్లగా ఉంటుంది" అన్నారు. నమ్మి మూసేశాను. రెండు గంటల్లో గది ఉడికింది, గోడలకు చెమట పట్టింది. కూలరు కిటికీ బయట పెట్టి, బయటి పొడి గాలిని లోపలికి లాగనిచ్చి, ఎదురుగా ఇంకో కిటికీనో తలుపో జానెడు తెరిచి ఉంచాలి. తడి గాలి బయటికి పోతేనే కొత్త గాలి చల్లబడుతుంది. ఈ ఒక్క మాట తెలియక మంచి కూలర్లను మూలన పడేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

ధర ఐదు నుంచి పదివేలు. ఊళ్లో తయారయ్యే రేకు కూలరులో మోటరు, పంపు విడిగా మార్చుకోవచ్చు. ఇనుప ఒళ్లు కాబట్టి ఎర్త్ వైరు సరిగా ఉన్న ప్లగ్గుకే తగిలించాలి, నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపాలి. ఇంట్లో పిల్లలుంటే ప్లాస్టిక్ ఒళ్లుదే తీసుకోండి.

## ఏసీ

ఏసీ వద్దని నేను చెప్పను. గుండె జబ్బు మనిషి, నెలల బిడ్డ ఉన్న ఇంట్లో రాత్రి 35 డిగ్రీలు దిగకపోతే ఏసీ అవసరమే. దాని ఖర్చు తెలిసి కొనాలంతే.

ఒక టన్ను ఇన్వర్టరు ఏసీ రాత్రి ఎనిమిది గంటలకు దాదాపు 5 యూనిట్లు తాగుతుంది. నెలకు 150. మన 160 యూనిట్ల ఇల్లు 310కు ఎక్కుతుంది, బిల్లు రూ. 627 నుంచి రూ. 1,761కి పోతుంది. అది స్లాబు గదిలో. సున్నం లేని రేకుల గదిలో ఇదే ఏసీ ఆగకుండా తిరుగుతుంది, యూనిట్లు ఇంకా పెరుగుతాయి, గది మాత్రం చల్లబడదు. రేకుల ఇంటికి ఏసీ కొనాలనుకునేవాళ్లు ఆ డబ్బులో కొంత తీసి ముందు పైకప్పు బాగుచేసుకోవాలి.

ధర 30 వేలు అంటారు. స్టెబిలైజరు, బిగింపు, రాగి పైపు, కొత్త వైరు కలిపితే 36, 37 వేలకు తేలుతుంది. పాత వైరింగు మీద తగిలించవద్దు. సున్నా వడ్డీ వాయిదాలనే చోట ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, నగదుకైతే ఎంత తగ్గిస్తారో అడిగి, ఆ తేడానే వడ్డీగా లెక్కేసుకోండి. సంఘం అప్పుతో పోల్చి చూస్తే ఏది తక్కువో తెలుస్తుంది.

కొన్నాక 26 మీద పెట్టి, పైన ఫ్యాను తిప్పండి. ఒక డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం దాకా తగ్గుతుంది. తెల్లవారుజామున మూడింటికి ఆగిపోయేలా టైమరు పెడితే, సీమలో ఆ వేళకు బయటి గాలే చాలు.

## సోలార్

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. ఒక కిలోవాట్‌కు రూ. 30,000, రెండింటికి రూ. 60,000, మూడు ఆపైన రూ. 78,000 కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. మన రాష్ట్రంలో బీసీ కుటుంబాలకు రెండు కిలోవాట్లకు ఇంకో రూ. 20,000 కలుపుతున్నారు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల సోలార్‌ను ఉచితంగా పెట్టించే కార్యక్రమం రాష్ట్ర ప్రభుత్వం చేపట్టింది. 200 యూనిట్ల రాయితీ ఉన్నవాళ్లు సచివాలయంలో ఇది కూడా అడగాలి, సొంత డబ్బు పెట్టి తొందరపడకూడదు.

ఎండకు మనకు కరువు లేదు. ఒక కిలోవాట్ రోజుకు దాదాపు 4 యూనిట్లు, నెలకు 120 ఇస్తుంది. అయినా నెలకు 100 యూనిట్ల ఇంటికి సోలార్ వద్దంటాను. ఆ ఇంటి బిల్లే 305 రూపాయలు. సబ్సిడీ పోను చేతి నుంచి 30 వేలు పెట్టినా తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. ఏడాది పొడుగునా 250 కాల్చే ఇంటి సంగతి వేరే. బిల్లు రూ. 1,236. రెండు కిలోవాట్లు 240 యూనిట్లు ఇస్తే దాదాపు అంతా తగ్గిపోతుంది. చేతి నుంచి 60, 70 వేలు పెట్టినా ఐదేళ్లలో తేరుకుంటారు. ఎండాకాలం రెండు నెలలే 250 దాటి మిగతా పది నెలలూ 110 ఉండే ఇల్లు మొదటి కోవలోకి వస్తుంది. అందుకే పన్నెండు నెలల బిల్లులూ పక్కపక్కన పెట్టి చూడాలి.

కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల నీడ పడని స్లాబు కావాలి. ఇల్లు, సర్వీసు మీ పేరున ఉండాలి. సబ్సిడీ బిగించి, తనిఖీ అయ్యాకే బ్యాంకులో పడుతుంది, అంతదాకా డబ్బు మీరే సర్దుకోవాలి. లేకుంటే బ్యాంకు రుణం తీసుకోవాలి. బ్యాటరీ లేని ఈ సోలార్ కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. మే మధ్యాహ్నం కోతకు ఇది మందు అనుకుని పెట్టించుకోవద్దు. పలకల మీద దుమ్ము పదిహేను రోజులకోసారి పొద్దున్నే కడగాలి, అక్కడా రెండు బిందెలు.

## అన్నీ పక్కపక్కన

| | ఒకేసారి ఖర్చు | వేసవిలో నెలకు యూనిట్లు | నీళ్లు | అద్దె ఇంటికి |
|---|---|---|---|---|
| రాయితీ నమోదు | పత్రాల ఖర్చే | బిల్లు తగ్గుతుంది | – | సర్వీసు పేరును బట్టి |
| సున్నం | రూ. 1,000–1,500 | లేదు | వేసే రోజే | సరే |
| కూల్ రూఫ్ పెయింట్ | రూ. 4,000–5,000 | లేదు | వేసే రోజే | ఓనరు పెట్టుకోవాలి |
| బీఎల్‌డీసీ ఫ్యాను | రూ. 2,500–3,000 | 21 తగ్గుతాయి | – | చాలా మంచిది |
| కూలరు | రూ. 5,000–10,000 | 45 పెరుగుతాయి | రోజుకు 3 బిందెల పైన | సరే |
| ఒక టన్ను ఏసీ | రూ. 35,000 పైన | 150 పెరుగుతాయి | – | బిగింపు ఖర్చు మళ్లీ |
| 2 కిలోవాట్ సోలార్ | రూ. 60,000–70,000, సబ్సిడీ పోను | 240 తగ్గుతాయి | కడగడానికి | కుదరదు |

## మీ ఇల్లు వీటిలో ఏది

*రేకుల ఇల్లు, కూలి పని, నెలకు 75 యూనిట్ల లోపు.* మీ యూనిట్ ధర తక్కువే, మీ బాధ వేడి. ఉన్న డబ్బంతా పైకప్పుకే పెట్టండి. సున్నం, పాదు, వాకిట్లో పందిరి. ఆ తరువాత వెయ్యో రెండు వేలో మిగిలితే కూలరుకు పొదుపు మొదలుపెట్టండి. మీరు ఏసీ వైపు, సోలార్ వైపు చూడాల్సిన పని లేదు.

*పట్నంలో అద్దె ఇల్లు, సబ్‌మీటరు.* కర్నూలు, కడప గల్లీల్లో ఈ కుటుంబాలే ఎక్కువ. ముందు ఫ్యాన్లు, తరువాత కూలరు. కింది అంతస్తు గది, పై అంతస్తు గది ఒకే అద్దెకు వస్తుంటే కళ్లు మూసుకుని కింది గది తీసుకోండి. పై స్లాబు సెగకు నెలకు రెండు మూడు వందల రూపాయల కరెంటు ఊరికే పోతుంది.

*కాలనీలో సొంత స్లాబు ఇల్లు, 130 నుంచి 200 యూనిట్లు.* ఫిబ్రవరిలో సున్నం, మార్చిలో రెండు ఫ్యాన్లు, ఏప్రిల్‌లో కూలరు. కూలరు ఏడు వేల లోపుదైతే అంతా కలిపి 15 వేల లోపు, సంఘం అప్పు ఏడాదిలో తీరిపోతుంది. మూడూ చేశాక కూడా రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే అప్పుడు ఏసీ గురించి మాట్లాడుకుందాం.

*పెద్ద కుటుంబం, ఏడాదంతా 225 దాటే ఇల్లు.* మీకు సోలార్ లాభం. బీసీ అయితే మరీ. సర్వీసు పెద్దాయన పేరున ఉంటే పేరు మార్పిడి ఈ నెలలోనే మొదలుపెట్టండి, పని ఎక్కువగా ఆగేది అక్కడే.

*మంచం పట్టిన మనిషి ఉన్న ఇల్లు.* ఈ ఇంటికి డబ్బు లెక్క రెండో మాట. ఇంట్లో ఒక్క గదిని ఎంచుకోండి, ఉత్తరం వైపుదైతే మంచిది. పైన తెలుపు, కిటికీకి తడిపిన గోనె పట్టా లేదా వట్టివేళ్ల తడిక, నీళ్లుంటే కూలరు. నీళ్లు లేకపోతే, ఆ ఒక్క గదికే చిన్న ఏసీ. మిగతా ఇంట్లో ఫ్యాన్లు మార్చి ఆ యూనిట్లను ఈ గదికి ఇవ్వండి.

చలికాలం గురించి కూడా అడుగుతుంటారు. మన దగ్గర గది వేడి చేసుకునే అవసరం రాదు, ఖర్చంతా స్నానం నీళ్లదే. 1500 వాట్ల రాడ్డు రోజుకు అరగంట పెడితే నెలకు 22 యూనిట్లు, గంట పెడితే 45. నల్ల డ్రమ్ములో నీళ్లు పోసి మిద్దె మీద ఎండకు పెడితే సాయంత్రం స్నానానికి ఆ రాడ్డు అక్కరలేదు. డిసెంబరులో కూడా మన ఎండ అంత పని చేస్తుంది. పొద్దున స్నానం చేసేవాళ్లు మాత్రం రాడ్డు బకెట్లో ఉండగా నీళ్లలో చెయ్యి పెట్టి చూడకండి, ముందు స్విచ్ ఆపి ప్లగ్గు పీకండి.